సర్కారీ ఫైళ్లు కాపాడిన ఎర్రమంజిల్

పంజాగుట్ట దాటి ఖైరతాబాద్ వైపు వెళ్లే మెట్రో రైలు ఎర్రమంజిల్‌లో ఆగుతుంది. ఆ పేరు విన్న కొత్తవాళ్లు ఎర్రరంగు మేడ కోసం కిటికీలోంచి చూస్తారు. మేడ ఉంది గానీ ఎరుపు దానిది కాదు, అది నిలబడ్డ గుట్టది.

మేడ కట్టించినవాడు నిజాం సంస్థానంలోని పెద్ద ప్రభువుల్లో ఒకడైన నవాబు ఫఖ్రుల్ ముల్క్. ఊరివాళ్లు ఎర్రటి గుట్ట అంటుంటే ఆయన పారసీ కావ్యాల్లోని ‘ఇరమ్’ అనే మాటను పట్టుకున్నాడని చెబుతారు. ఇరమ్ అంటే స్వర్గంలాంటి తోట. దర్బారు మనుషులకు అది ఇరమ్ మంజిల్, గుట్ట కింద తెలుగు జనానికి ఎర్రమంజిల్. ఇద్దరూ తమ భాషే మాట్లాడుతున్నామనుకున్నారు.

కట్టిన ఏడాది 1870 అని చాలాచోట్ల రాసి ఉంటుంది. అప్పటికి హైదరాబాద్ అంటే ప్రధానంగా మూసీకి దక్షిణాన, ప్రాకారం లోపల ఉన్న ఊరే. ప్రభువుల దేవిడీలు అక్కడే ఉండేవి. కాలం గడిచేకొద్దీ గాలీ వెలుతురూ కోరుకునే నవాబులు ఊరి బయటి గుట్టలెక్కారు. దక్షిణాన వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా కట్టాడు. ఖైరతాబాద్ అవతల ఫఖ్రుల్ ముల్క్ ఇరమ్ మంజిల్ కట్టాడు. నూటికి పైగా గదులు, యూరప్ పోకడల స్తంభాలు, గోడల మీద గచ్చుతో తీర్చిన లతలు, పూలు. ఆయనదే మరో మేడ ఇరమ్ నుమా. అది ఇప్పుడు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఆవరణలో ఉంది.

అంత ఇల్లు నడవాలంటే జాగీరు ఉండాలి. 1948లో సంస్థానం భారత్‌లో కలిసింది, మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. నౌకర్లకు జీతాలు, వానాకాలం మరమ్మతులు వారసులకు మోయలేని భారమయ్యాయి. మరోవైపు సర్కారుకు గదుల అవసరం పెరిగింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలు నుంచి రాజధాని హైదరాబాద్‌కు రావడంతో ఆ అవసరం ఇంకా ఎక్కువైంది.

మేడలు ఒక్కొక్కటీ ఆఫీసులయ్యాయి. బేరార్ యువరాజు ఉన్న బెల్లా విస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వెలిసింది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కొన్నాళ్లు నగరాభివృద్ధి సంస్థ హుడా పనిచేసింది. 2008లో అక్కడికి అమెరికా కాన్సులేట్ వచ్చి, 2023లో నానక్‌రామ్‌గూడకు మారేదాకా ఉంది. అమెరికా వెళ్లాలనుకున్న ఎందరో తెలుగువాళ్లు నవాబుగారి ప్రహరీ పక్కనే వీసా కోసం వరుస కట్టారు.

ఎర్రమంజిల్‌కు దక్కినవాళ్లు ఇంజినీర్లు. రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ అందులో కొలువుదీరాయి. ఆఫీసు ఇంట్లో దిగితే ఏం జరుగుతుందో సర్కారీ కొలువు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. హాలు మధ్యలో చెక్క అడ్డుగోడలు లేస్తాయి, వరండాలో ఇనుప బీరువాలు నిలబడతాయి. కార్నిసు పగుళ్లలో రావి మొక్క మొలుస్తుంది. దాన్ని పీకే బాధ్యత ఏ సెక్షన్‌దో తేలేలోపు వేరు గోడలోకి దిగుతుంది. డంగు సున్నపు గోడ మీద సిమెంటు పూత పడితే లోపలి తేమ బయటికి రాలేక గచ్చు పెచ్చులుగా ఊడుతుంది.

అయినా ఒక లెక్కన మేడను నిలబెట్టింది ఆ ఫైళ్లే. ఖాళీగా ఉండివుంటే చుట్టుపక్కల ఎన్నో బంగళాల్లాగే అదీ అపార్టుమెంట్లుగా మారేది. పనికొచ్చినంత కాలం దాని జోలికి ఎవరూ రాలేదు.

2019లో వచ్చారు. ఆ ఏడాది జూన్ 18న తెలంగాణ మంత్రివర్గం కొత్త శాసనసభ భవనాన్ని ఎర్రమంజిల్‌లో కట్టాలని నిర్ణయించింది, 27న శంకుస్థాపన జరిగింది. మేడను కూల్చాల్సి వచ్చేది. విచిత్రమేమిటంటే, 2015లో సచివాలయాన్ని ఎర్రగడ్డ ఆసుపత్రి స్థలానికి తరలించాలన్న ఆలోచన కూడా వచ్చి ఆగిపోయింది. నాలుగేళ్ల తేడాతో ఫఖ్రుల్ ముల్క్ ఇళ్లు రెండూ రాజధాని నమూనాల్లోకి ఎక్కాయన్నమాట.

నగరవాసులు, నవాబు వారసులు హైకోర్టుకు వెళ్లారు. చిక్కంతా ఒక నిబంధన దగ్గర ఉంది. వారసత్వ కట్టడాలను కాపాడేందుకు హుడా నియమాల్లో ఉన్న 13వ నిబంధనను ప్రభుత్వం 2015లో తొలగించింది. దాంతో ఎర్రమంజిల్‌కు ఇక రక్షణ లేదని ప్రభుత్వం వాదించింది. ధర్మాసనం ఒప్పుకోలేదు. చట్టం చెప్పిన అనుమతుల దారి తొక్కకుండా తీసుకున్న నిర్ణయం చెల్లదంటూ 2019 సెప్టెంబర్ 16న మంత్రివర్గ తీర్మానాన్ని కొట్టేసింది.

కూల్చివేత ఆగింది, రావి మొక్కల సంగతి మాత్రం తీర్పులో తేలేది కాదు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ పోయే మెట్రో గుట్ట పక్కనుంచే సాగుతోంది. ఆ మార్గానికి మెట్రోవాళ్లు పెట్టిన పేరు రెడ్ లైన్.