ఎరుక చెప్పినవారు, ఎరిగిన దొంగలు

మా సీమలో అల్లరి పిల్లవాణ్ణి ముద్దుగా 'కేడీ' అంటారు. కాస్త గడుసువాడైతే 'వాడు పెద్ద కేడీలే' అని నవ్వుకుంటారు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చాలాకాలం నాకు తెలియదు. అది తెలుగు మాట కాదు, ఉర్దూ మాట కూడా కాదు. తెల్లవారి కాలపు పోలీసు దస్తరాల్లోని 'నోన్ డెప్రడేటర్' అనే రెండు మాటల పొడి అక్షరాలవి. ఎరిగిన దోపిడీగాడు అని దాని అర్థం.

ఆ సంగతి తెలిసిన రోజున మా జేజి గుర్తుకు వచ్చింది.

కోవెలకుంట్ల వైపు మా జేజి వాళ్ల ఊరికి ఏటా కళ్ళాల కాలంలో ఒక ఎరుకలామె వచ్చేది. నెత్తిన గంపలు, చంకలో చాటలు. జేజి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చాటలో జొన్నలు పోసి, చెయ్యి చాచి ఎరుక చెప్పించుకునేది. చెప్పిందంతా నమ్మేది. ఆమె వీధి మలుపు తిరగగానే మాత్రం లోపలికి వెళ్ళి చెంబులూ గిన్నెలూ లెక్కపెట్టేది. ఏనాడూ ఒక్కటి తగ్గలేదు. మరుసటి ఏడు మళ్ళీ లెక్కపెట్టేది. తన భవిష్యత్తును ఆమె చేతిలో పెట్టడానికి జంకని మా జేజి, ఒక ఇత్తడి చెంబు విషయంలో ఆమెను నమ్మలేకపోయింది. ఈ అనుమానం ఎక్కడిది?

ఊరూరా తిరిగేవారిమీద స్థిరంగా ఉన్నవారికి కొంత అనుమానం ఎప్పుడూ ఉండి ఉండవచ్చు. కానీ దానికి ఒక దస్తరమూ, ఒక వేలిముద్రా, ఒక శిక్షా కల్పించినది చట్టం. ఆ చరిత్ర మన రెండు జిల్లాలతో బాగా ముడిపడినది.

ఎరుకలవారి శాఖల పేర్లే వారి పాత బ్రతుకును చెబుతాయి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల. ఉప్పు అమ్మినవారు, కరివేపాకు అమ్మినవారు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవారు, ఈతపుల్లలతో తట్టలు అల్లినవారు. ఈ పేర్లలో దొంగతనం ఎక్కడుంది? కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద కంట్లాలు వేసుకుని, కనుమలు దాటి కడప, కర్నూలు పల్లెలకు చేర్చేవారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఇక్కడి ధాన్యం తీసుకుపోయేవారు. బండి దారి లేని ఊళ్ళకు ఉప్పు అందించినది వీరే. పద్మావతీ పరిణయ కథలో శ్రీనివాసుడు ఆకాశరాజు ఇంటికి ఎరుకలసాని వేషంలోనే వెళ్ళాడు. ఏ గడపలోకైనా చొరవగా అడుగుపెట్టగల మనిషి ఆమె అని ఆ కథ కట్టినవారికి తెలుసు.

ఈ బ్రతుకు కొద్దికొద్దిగా కూలిపోయింది. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తసొత్తు అయింది. ఆ తరువాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా సాగిన దారి 1871లో రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసింది. బస్తాలకొద్దీ ఉప్పు పెట్టెల్లో వచ్చి దిగుతుంటే గాడిద మీది కంట్లానికి విలువేముంది? 1876-78 నాటి ధాత కరువులో పశువులు చచ్చాయి, మనుషులు చచ్చారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మిగిలినవారు అడవినైనా ఆశ్రయిద్దామంటే, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నల్లమల మొదలైన కొండల మీది వెదురుకూ మేతకూ కాపలా పెట్టింది. బుట్టకు కావలసిన బొంగు కొట్టడమే నేరమైంది.

ఉప్పు, పశువు, వెదురు మూడూ పోయినవాడు ఊరూరా తిరుగుతుంటే ప్రభుత్వం అడిగిన ప్రశ్న 'ఇతని జీవనాధారం ఏమిటి?' అన్నది. ఆ జీవనాధారాన్ని తీసివేసినదెవరన్న ప్రశ్నను ఎవరూ అడగలేదు.

నేరస్థ తెగల చట్టం మొదట 1871లో ఉత్తర హిందూస్థానానికి వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనుక ఉన్న తర్కం. మద్రాసు రాజధానికి అది 1911లో వచ్చింది. దాని నిబంధనలు చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ప్రభుత్వం ఒక ప్రకటన చేస్తే చాలు, ఒక తెగ మొత్తం నేరస్థ తెగ అయిపోతుంది. ఆ ప్రకటన సబబా కాదా అని విచారించే అధికారం కోర్టుకు లేదు. పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు మారితే తెలియజేయాలి. చట్టం పేర్కొన్న నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గదు, మూడోసారి పడితే ద్వీపాంతరం. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి బడుల్లో పెట్టవచ్చు. ఏ నేరమూ చేయని బిడ్డకు, పుట్టుకే నేరం.

తరువాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అందరికీ తెలిసినదే. 1913-14లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా వెలసిన ఆ ఊరికి సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే ప్రభుత్వ పెద్ద పేరు పెట్టారు. ఆ సంస్థ నాయకుడు బూత్-టక్కర్ ఈ పనికి 'క్రిమినోక్యూరాలజీ' అని పేరు కూడా కల్పించాడు, నేరం ఏదో రోగమైనట్లు! అక్కడివారు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. మన కర్నూలు జిల్లాలోనూ ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో (2022 నుంచి అది నంద్యాల జిల్లా) ఒక సెటిల్‌మెంటు ఉండేది. స్టూవర్టుపురం పేరు సినిమాలకెక్కింది. సిద్ధాపురం పేరు మన సీమవాళ్ళకే సరిగా గుర్తులేదు.

అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయింది. వెంటనే దక్షిణాది రాష్ట్రాలు దేశదిమ్మరుల చట్టాలు చేశాయి. పని ఒప్పందం చూపలేని నల్లవాణ్ణి పట్టుకుని, జరిమానా వేసి, అది కట్టలేకపోతే తోటల యజమానికి కూలికి అప్పగించారు. మనదగ్గర ఎరుకలవారిని ఎవరూ సంతలో అమ్మలేదు, నిజమే. కానీ తిరగడాన్ని నేరం చేసి, ఆ నేరాన్ని చవుక కూలీగా మార్చుకునే పద్ధతి రెండు చోట్లా ఒకటే. అక్కడ ఒంటి రంగు చూశారు, ఇక్కడ పుట్టుక చూశారు.

దీన్ని ఎదిరించినవారూ ఉన్నారు. నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం, ఇతర సంచార జాతుల కోసం ఏళ్ళ తరబడి ఈ చట్టంతో పోరాడారు. 1936లో నెహ్రూ నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టాన్ని బహిరంగంగా ఖండించారు. చివరకు మద్రాసు రాష్ట్రంలో 1947లో అది రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజునే విముక్త దినంగా జరుపుకుంటారు. మనం ఆగస్టు 15న జెండా ఎగురవేస్తాం. వారికి అదే నెలలో ఇంకొక స్వాతంత్ర్య దినం ఉందని మనలో ఎందరికి తెలుసు?

రద్దు అయినదంటే పూర్తిగా పోయిందని కాదు. మద్రాసు ప్రభుత్వం 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. ఈసారి తెగ పేరు లేదు, మనిషి పేరు ఉంది. కానీ పాత జాబితా చేతిలో ఉన్న ఠాణాకు కొత్త పేర్లు ఎక్కడ దొరుకుతాయో ఊహించడం కష్టం కాదు. అలాంటి చట్టాలను తీసివేయమని జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో చెప్పింది. జాతి వివక్ష నిర్మూలన కోసం ఏర్పడిన ఐక్యరాజ్యసమితి సంఘం 2007లో చెప్పింది. కులం వేరు, జాతి వేరు అని మన ప్రభుత్వం ఆ సంఘం ముందు వాదించింది. వేలిముద్రలు వేసినవారికి ఆ తేడా ఏ పాటిదో! 2024 అక్టోబరులో సుప్రీం కోర్టు జైళ్ళలోని కుల వివక్ష నిబంధనలను కొట్టివేస్తూ, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పుపట్టింది. చట్టం పోయిన డెబ్బై రెండేళ్ళకు ఆ మాట చెప్పవలసి వచ్చింది!

కోవెలకుంట్ల అంటే మనకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తుకు వస్తాడు. 1847లో ఉరితీసి, కోట గుమ్మానికి వేలాడదీసిన ఆ తలను మరువలేదు, మరువకూడదు కూడా. కానీ అదే సర్కారు అదే సీమలో, ఏ తిరుగుబాటూ చేయనివారి వేలిముద్రలు కూడా తీసుకుంది. వారికి కథలు లేవు, పదాలు లేవు. వారి జ్ఞాపకంగా మన నోట మిగిలినది 'కేడీ' అన్న ఒక్క మాట.

ఎరుక అంటే తెలివిడి. సర్కారుకు వారు ఎరిగిన దొంగలు. మా జేజికి వారు ఎరుక చెప్పేవారు, చెంబులు లెక్కపెట్టించేవారు కూడా. ఏటా మా అరుగు మీద కూర్చున్న ఆమె పేరేమిటని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు, నేను కూడా అడగలేదు.