జపాన్ పురపాలికల చిన్న ఎలక్ట్రానిక్స్ సేకరణ
పాడైన సెల్‌ఫోన్లు, కెమెరాలు, గేమ్ పరికరాల వంటి వాటిని జపాన్ స్థానిక సంస్థలు ఇళ్ల నుంచి సేకరించి, వాటిలోని లోహాలను వెలికితీయించే ఏర్పాటు. దీని చట్టం 2012లో తయారై 2013 ఏప్రిల్ నుంచి అమలైంది. టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, ఏసీల సంగతి వేరే చట్టం చూసుకుంటుంది.

ఎలా సేకరించాలన్నది ఏ ఊరికి ఆ ఊరి నిర్ణయం. కొన్నిచోట్ల పురపాలక కార్యాలయాల్లో, దుకాణాల్లో పెట్టెలుంటాయి. కొన్నిచోట్ల చెత్తలోంచే ఏరతారు. పోగైన సరుకును కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలు విడగొట్టి లోహ కర్మాగారాలకు పంపుతాయి. ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు ముందే చెరిపేసుకోవడం యజమాని పని.

జనాన్ని చట్టం కన్నా టోక్యో ఒలింపిక్స్ పతకాలను ఈ లోహంతోనే చేయాలన్న పథకం ఎక్కువ కదిలించిందనాలి. 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా 1,621 స్థానిక సంస్థలు దాదాపు 79 వేల టన్నుల పరికరాలు పోగుచేశాయి. ఫోన్ దుకాణాల్లో మరో 62 లక్షల సెల్‌ఫోన్లు చేరాయి. వాటి నుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు వచ్చాయి. సుమారు 5,000 పతకాలకు అదే సరిపోయింది.

2021లో జరిగిన ఆ ఒలింపిక్స్‌లో భారత బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు అందుకున్న కాంస్యమూ ఈ పాత సామాన్ల లోహంతో చేసినదే.