కాలిన చేతికి సిరా కాదర్రా, నీళ్ళు

మంటకి మరీ దగ్గరగా జరగొద్దర్రా. చిన్నదానా, నీ పరికిణీ కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కో. ఈ మంట చూస్తుంటే మా పెద్ద తోడికోడలు గుర్తొస్తోంది. ఆవిణ్ణి మీరు ఫొటోలో చూడ్డమే గానీ ఎరగరు. అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ చెయ్యి కాలినప్పటి ముచ్చట చెప్తాను, వినండి.

నేను కాపురానికొచ్చిన కొత్తల్లో మన ఇంట్లో గ్యాసు లేదు, కిరసనాయిలు స్టవ్వూ లేదు. వంటింట్లో వరసగా మట్టిపొయ్యిలు. సరుగుడు కట్టెలు, పిడకలు, ఎండు కొబ్బరిమట్టలు. పొగచూరి గోడలు నల్లగా ఉండేవి, కిటికీలోంచి ఎంత వెలుతురు వస్తే అంతే. ఆ చీకట్లో ఇంటిల్లిపాదికీ అన్నం వార్చాలి. బరువైన ఇత్తడి గిన్నెని మసిగుడ్డలతో పట్టుకుని, మూత అడ్డం పెట్టి వంచితే గంజి ధారకట్టేది, ఆవిరి ముంజేతుల మీదికి తన్నుకొచ్చేది. మసిగుడ్డ తడిగా ఉందా, ఇక చెప్పక్కర్లేదు, వేడంతా గుడ్డలోంచి అరచేతికి దిగిపోయేది. మన ఇంట్లో ఏ ఆడమనిషి ముంజెయ్యి చూసినా నల్లటి మచ్చలే. మచ్చల్లేని కోడలికి పని రాదనేవారు. ఎంత అన్యాయమైన మాటో చూడండి.

ఆ ఏడు సంక్రాంతికి అక్క అరిసెల పాకం పడుతోంది. పాకం వచ్చిందో లేదో తెలియాలంటే పక్కన పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని, రెండు చుక్కలు అందులో వేసి, వేలితో ఉండ కడుతుందా అని చూస్తాం. అక్క గరిట ఎత్తింది. అంతలో ఎవరో పిల్లాడు పరిగెత్తుకొచ్చి వెనకనించి తగిలాడు. గరిటెడు పాకం మణికట్టు మీద పడింది. వేడినీళ్ళయితే జారిపోతాయి. పాకం జారదు, అంటుకుని కూర్చుని కాలుస్తూనే ఉంటుంది. అక్క అరవలేదు. పెదవి కొరుక్కుని కళ్ళు మూసుకుంది.

ఇంక చూడాలి మా హడావిడి! సిరాబుడ్డి తెమ్మని ఒకరు, వెన్న రాయమని ఒకరు. ఉప్పు నూరి అద్దమని పక్కింటావిడ. పేడ పూయమన్నవాళ్ళూ ఉన్నారు. అందరూ కలిసి ఒప్పుకున్న మాట ఒక్కటే: నీళ్ళు తగలనివ్వొద్దు, బొబ్బలెక్కుతాయి. నీళ్ళ పళ్ళెం అక్క మోచేతి పక్కనే ఉంది. ఒక్కరికీ ఆ చెయ్యి అందులో ముంచాలని తోచలేదు.

మన అదృష్టం, చంటిపిల్లలకి టీకాలు వెయ్యడానికి ఆ పూట ఊళ్ళోకి వచ్చిన నర్సమ్మ మా గోల విని లోపలికొచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అక్కని పెరట్లో నూతి దగ్గరికి నడిపించింది, నన్ను నీళ్ళు చేదమంది. నేను చేదుతుంటే ఆవిడ చెంబుతో సన్నగా, ఆపకుండా ధార పోస్తోంది. బెల్లం కరిగి ఎర్రగా కారిపోయింది. ఇంక చాలేమోనని నేను తాడు వదలబోతే, "పైన చల్లబడిందమ్మా, లోపల ఇంకా ఉడుకుతోంది, చేదు" అంది.

ఆ ధార కిందే సబ్బు రాసి, గాజులు ఒక్కొక్కటీ జార్చడం మొదలుపెట్టింది. పండగపూట ముత్తైదువ చేతికి గాజులు తీస్తారా అని మా అత్తగారు గుండె పట్టుకున్నారు. "కాసేపటికి చెయ్యి వాచిపోతుందండీ. అప్పుడు పగలగొట్టాల్సొస్తుంది, అది మాత్రం మంచిదా?" అంది నర్సమ్మ. అత్తగారు మారుమాట్లాడలేదు. కొంగు పట్టి ఆ గాజులు అందులో వేయించుకున్నారు.

బొబ్బలు వచ్చాయి. కానీ అవి నీళ్ళు పోసినందుకు వచ్చినవి కావు, కాలినందుకు వచ్చినవి. నర్సమ్మ వాటిని చిదమనివ్వలేదు. బొబ్బ మీద తోలే ఆ పుండుకి కాపలా అంది. ఉతికి ఆరేసిన మెత్తటి పంచెముక్క వదులుగా చుట్టి, ధనుర్వాతం ఇంజెక్షన్‌కి ఆస్పత్రికి పంపింది. చెయ్యి మానింది. ఇంట్లో అందరి చేతులకీ ఉన్న మచ్చల కంటే ఆ మచ్చే చిన్నది.

మీ పెద్దక్క ఇప్పుడు కాలినవాళ్ళ వార్డులో నర్సు కదా, దాన్ని కూర్చోబెట్టుకుని ఇవన్నీ అడిగాను. నీళ్ళు 20 నిమిషాలు పొయ్యాలట. కుళాయి కింద, మామూలు చల్లటి నీళ్ళు. కాలిన వెంటనే పోస్తే అన్నిటికంటే మేలు. ఆలస్యమైనా మూడు గంటల్లోపు పోస్తే ఎంతో కొంత ఉపయోగం ఉంటుందట. ఐసుముక్కలు పెడితే అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం సరిగ్గా అందదు. వెన్న, నెయ్యి, నూనె వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. తర్వాత ఆస్పత్రిలో ఆ జిడ్డంతా కడగాలి, ఆ బాధ కాలిన బాధకి ఏమీ తీసిపోదట. సిరా పూస్తే కింద చర్మం ఎర్రగా ఉందో తెల్లగా పాలిపోయిందో డాక్టరుకి కనపడదు. రంగు చూస్తేనే కదా ఎంత లోతుగా కాలిందో తెలిసేది! టూత్‌పేస్టు చల్లగా అనిపిస్తుంది, అంతే. పేడ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. పచ్చిపుండు మీద పేడ పెట్టడమంటే ధనుర్వాతాన్ని ఇంట్లోకి పిలవడమే.

అప్పటివాళ్ళు తెలివితక్కువవాళ్ళని మాత్రం అనుకోకండి. నాకు చాలా ఏళ్ళు ఆలోచించాక ఒకటి తట్టింది. సిరా పూయడానికి క్షణం చాలు, మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. అంతసేపు నీళ్ళు పొయ్యాలంటే నూతిలోంచి చేదాలి. చేదేందుకు ఇంకో మనిషి కావాలి. పొయ్యి మీదున్నది చూసుకోవడానికి మరో మనిషి కావాలి. కాలిన కోడలి కోసం ఇద్దరు పని మానుకునే ఇళ్ళు ఆ రోజుల్లో ఎన్ని? అందుకే నీళ్ళ వైద్యం మాకు ఒంటబట్టలేదనుకుంటాను. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళు. అయినా మీ అమ్మలు వేలు కాలితే నోట్లో పెట్టుకుని మళ్ళీ పోపు వేస్తూనే ఉంటారు. అది చూస్తే నాకు కోపం వస్తుంది.

తర్వాత కిరసనాయిలు పంపుస్టవ్వులొచ్చాయి, వాటితోపాటే నైలాన్ చీరలూ వచ్చాయి. ఆ రెండూ కలిసి ఎంతమందిని పొట్టనపెట్టుకున్నాయో! పిన్నుతో పొడిచి పంపు కొడితే మంట ఒక్కసారి పైకి లేచేది. నూలుచీర అంటుకుంటే కాలుతుంది, నైలాన్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న గుడ్డని లాగొద్దు, చర్మం ఊడొస్తుంది. అతుక్కోనిది తీసెయ్యాలి, మిగతాది డాక్టరు చూసుకోవాలి. బట్టలంటుకుంటే పరిగెత్తొద్దు, నేలమీద పడి దొర్లాలి. 1999లో దీపం పథకం కింద పల్లెల్లో ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చాక ఆ స్టవ్వులు చాలావరకు అటకెక్కాయి. అయినా మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్తోందని మీ పెద్దక్క అంటే నమ్మలేకపోయాను. చిన్నచిన్నవి ఇందులో లేవట.

ఏది చిన్నదో ఏది కాదో కూడా దాన్నే అడిగాను. ఎవరి అరచెయ్యి, వేళ్ళతో సహా, వాళ్ళ ఒంట్లో నూటికి ఒక వంతు. కాలినచోటు అంతకంటే పెద్దదైతే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. మొహం, కళ్ళు, అరచేతులు, పాదాలు, కీళ్ళు, మర్మస్థానం, వీటి మీదైతే ఎంత చిన్నదైనా చూపించాలి. చంటిపిల్లలకీ నాలాంటి ముసలివాళ్ళకీ కాలితే ఆలోచించే పనే లేదు. తెల్లగానో నల్లగానో అయిపోయి నొప్పి తెలియలేదంటే సంతోషించకండి, అది లోతుగా కాలినట్టు. 2005లో 108 వచ్చినప్పటినించీ బండి కట్టించుకుని టౌనుకి పరిగెత్తే బాధ తప్పింది. అది వచ్చేలోగా ఆ 20 నిమిషాలూ నీళ్ళు పోస్తూ ఉండాలి. పసివాళ్ళకైతే కాలినచోట మాత్రమే పోసి, మిగతా ఒంటికి దుప్పటి చుట్టాలి, లేకపోతే చలికి వణికిపోతారు.

పాతవన్నీ పారేయాల్సినవి కావు. ముంబైలో డాక్టర్లు అరటాకుల్ని శుభ్రంచేసి కాలినపుండ్ల మీద పట్టీలుగా వాడి చూశారట. పుండుకి అతుక్కోదు కాబట్టి పట్టీ మార్చేటప్పుడు నొప్పి ఉండదు. మా అమ్మ అరటాకు మీద పడుకోబెట్టేది అలాంటివాళ్ళని, ఎందుకో చెప్పలేకపోయేది. అలాగని పెరట్లో ఆకు కోసి అలాగే కట్టకండి, ఆస్పత్రిలో దాన్ని కడిగి క్రిములు లేకుండా చేశాకే వాడతారు.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. మొన్న మే నెలలో మీ పిన్ని చేతి మీద పులుసు ఒలికింది. కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకునీళ్ళు సెగలు కక్కుతూ వచ్చాయి. ఆ వేడినీళ్ళు కాలినచోట పడితే ఇంకేమన్నా ఉందా! నేను కుండలోని మంచినీళ్ళు పోయించాను. ఈలోగా బకెట్ల కొద్దీ వేడినీళ్ళు పారబోస్తే కుళాయి చల్లబడింది. పిన్ని మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగింది, పొయ్యి మీద అడుగంటుతుందని. మీ బాబాయిని పిలిచాను. ఎప్పుడూ గరిట పట్టినవాడు కాదు. ఎంతసేపు తిప్పాలో పిన్ని కుళాయి దగ్గరనించే చెప్తుంటే, ఆ పూట పులుసు వాడే దించాడు.