బానిస చెప్పిన మాట, చక్రవర్తి చేసిన చట్టం

ఈ మధ్య మా విద్యార్థుల వాట్సాప్ స్టేటస్‌లలో మార్కస్ అరీలియస్ తెగ కనిపిస్తున్నాడు. మనసు నీ అదుపులో ఉంటే లోకం నిన్నేమీ చేయలేదు అనే ధోరణి కొటేషన్లు. క్లాసులో అవమానం జరిగిందని చెప్పుకోడానికొచ్చిన ఒక పిల్లాడికి, పెద్దలొకరు ఈ స్టోయిక్ సలహానే ఇవ్వడం నా చెవులతో విన్నాను. అందుకే ఈ పోస్టు.

మార్కస్ క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్ చక్రవర్తి. తనకోసం తాను గ్రీకులో రాసుకున్న పుస్తకమే 'మెడిటేషన్స్'. అందులో కొంత డాన్యూబ్ ప్రాంతపు యుద్ధ శిబిరాల్లో రాసింది. మొదటి అధ్యాయమంతా తను ఎవరెవరికి రుణపడ్డాడో చెప్తాడు. ఎపిక్టెటస్ బోధల ప్రతి తన ఇంటి నుంచి తెచ్చి ఇచ్చినందుకు గురువు రస్టికస్‌ని తలచుకుంటాడు.

ఈ ఎపిక్టెటస్ ఒకప్పుడు బానిస. నీరో కొలువులోని ఎపాఫ్రొడైటస్ సొత్తు. గ్రీకులో ఆ మాటకు అర్థం 'సంపాదించుకున్నది'. అది పేరా, రసీదా? మన తాతముత్తాతల పేర్లు ఎవరి నోట ఎలా పలికాయో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విడుదలయ్యాక, డొమిషియన్ తత్వవేత్తల్ని వెళ్లగొడితే, నికోపొలిస్ వెళ్లి బడి పెట్టాడు. ఆయన మాటల్ని శిష్యుడు ఆరియన్ రాసిపెట్టాడు.

ఒంటి మీద కూడా హక్కు లేనివాడికి మిగిలిన జాగా మనసొక్కటే. సింహాసనం మీదున్నవాడి చేతిలో చట్టం కూడా ఉంది కదా! దానితో ఏం చేశాడు?

కొంత మేలు చేశాడు, కాదనను. యజమాని వీలునామాలో విడుదల రాసిపెట్టి, ఆ ఆస్తిని తీసుకోడానికి వారసులెవరూ రాకపోయినా, ఆ బానిసల విడుదల ఆగిపోకుండా దారి చూపాడు. కానీ ఆయన సెనేట్‌లో చదివిన ఒక ప్రసంగం సంగతి రోమన్ న్యాయ సంకలనం 'డైజెస్ట్'లో ఉంది. పారిపోయిన బానిసను వెతికేవాళ్లు సామాన్యుల పొలాల్లోకే కాదు, సెనేటర్ల భూముల్లోకీ, చివరికి చక్రవర్తి ఎస్టేట్లలోకీ వెళ్లి గాలించవచ్చట. ఎంత సమానత్వం!

ఎపిక్టెటస్‌ని సోక్రటీస్ పక్కన నిలబెట్టి రాసింది కూడా ఈయనే.

మొదటి అధ్యాయం చివర్లో దేవుళ్లకు కృతజ్ఞత చెప్తూ, బెనెడిక్టానీ థియొడోటస్‌నీ తాను తాకకుండా ఉన్నందుకు సంతోషిస్తాడు. వాళ్లిద్దరూ ఇంటి బానిసలై ఉంటారని చరిత్రకారుల అంచనా. నిగ్రహం ఆయనదే, గొప్పా ఆయనదే. తాకబోతే వద్దనే హక్కు వాళ్లకుందా అన్న ప్రశ్న ఆ పేజీలో లేదు. వాళ్ల పేర్లు ఆ పుస్తకంలో మళ్లీ ఎక్కడా రావు.