నాలుగు రంగుల అచ్చులో బూడిద రంగు పెత్తనం

రంగుల అచ్చు చరిత్రను మనం మామూలుగా ఎరుపు, పసుపు, నీలం కథగా చెప్పుకుంటాం. కానీ ఈ మూడు వందల ఏళ్లలో ముద్రాపకులను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది బూడిద రంగు. 1936 దాకా పాత విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండి ఆ తర్వాత ఒడిశాలోకి వెళ్లిన పొట్టంగి ప్రాంతపు ఫొటో ఒకటి తీసుకోండి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఆ వైపే ఉంది. చలికాలం మొదట్లో కింద పొలాల్లో వలిసె పూల పసుపు, పైన రాయి, మంచు. అచ్చులో వలిసె పూలు కాస్త నారింజకు తిరిగినా పాఠకుడికి పట్టదు. పువ్వు ఏ పాటి పసుపో అతను కొలిచి చూడలేదు. మంచు గులాబీకి తిరిగితే మాత్రం ఒక్క చూపులో పట్టేస్తాడు. ముదురు రంగుల్లో తేడాను క్షమించే కన్ను బూడిద రంగులో పిసరంత తేడానూ క్షమించదు. నాలుగు రంగుల అచ్చు ఎలా ఎదిగిందో అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి చేతిలో ఉండాలి.

సమస్య మొదట్లోనే బయటపడింది. జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ ఎరుపు, పసుపు, నీలం మూడు రాగిరేకులతో బొమ్మను అచ్చువేసే విద్యకు 1719లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. సిద్ధాంతం ప్రకారం మూడూ కలిస్తే నలుపు రావాలి. ఆచరణలో చాలక ఆయనే కొన్నిసార్లు నల్లరేకు కూడా వాడుకున్నాడు. తర్వాత ఫ్రాన్సులో జాక్ గొతియే దాగొతి, నల్లరేకుతో కలిపి నాలుగు రేకుల పద్ధతి తనదేనని వాదించాడు. అంటే రంగుల అచ్చులో తొలి తగాదాల్లో ఒకటి నలుపు గురించే వచ్చింది. మూడు రంగులు కలిసి రంగులేనితనాన్ని ఇవ్వలేకపోయాయి కనుకనే నాలుగోది అవసరమైంది.

ఎందుకు ఇవ్వలేకపోయాయన్నది ఇంకుల గుణంలో ఉంది. శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1861లో లండన్‌లో మూడు ఫిల్టర్ల గుండా తీసిన ఫొటోలను తెర మీద కలిపి రంగు బొమ్మ చూపించాడు. అక్కడ వెలుతురుకు వెలుతురు తోడవుతుంది. కాగితం మీద వ్యవహారం తలకిందులు: ఒక్కో ఇంకు తెల్లని వెలుతురులోంచి ఒక్కో భాగాన్ని మింగేస్తుంది. ఈ మార్గాన్ని 1868లో లూయీ ద్యుకో దు ఓరోన్ ఫ్రాన్సులో పేటెంటు చేశాడు. అచ్చులో నీలం స్థానంలో ఉండే సయాన్ ఇంకు ఎర్రని వెలుతురును మాత్రమే మింగితే లెక్క సరిపోయేది. నిజమైన సయాన్ ఆకుపచ్చనీ, నీలాన్నీ కూడా కొంత మింగుతుంది. ఎరుపు స్థానంలోని మజెంటా కూడా కొంత నీలాన్ని మింగుతుంది. అంటే సయాన్‌లో ముందే కాస్త మజెంటా, కాస్త యెల్లో కలిసి ఉన్నట్టే. అందుకే మూడింటినీ సమానంగా వేస్తే బూడిద రంగుకు బదులు ఎర్రటి మట్టి రంగు వస్తుంది. సయాన్ 50 శాతం ఉన్నచోట మజెంటా, యెల్లో 40 శాతం చొప్పున ఉంటే మంచి కాగితం మీద బూడిద రంగు నిలుస్తుంది. అచ్చుపనిలో గ్రే బ్యాలెన్స్ అనేది ఈ తూకాన్నే. ఇక్కడ శాతాలంటే చుక్కల లెక్క. ఛాయలను చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ విద్య 1880లలో గట్టిపడింది; ఆ తెరల గణితం మీద కలకత్తా నుంచి ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి రాసిన వ్యాసాలను లండన్‌లోని పెన్‌రోజ్ వార్షిక సంచిక అచ్చువేసింది. మన దేశం ఈ విద్యను అరువు తెచ్చుకుని ఊరుకోలేదని చెప్పడానికి ఆ పేరు ఒక్కటి చాలు.

తెలుగువాళ్లకు ఈ విద్య ఇంట్లోకి వచ్చింది 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి మొదలుపెట్టిన చందమామతో. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య దానికి వేసిన ముఖచిత్రాలను గమనించండి. మనిషి ఒంటి రంగు ముఖ్యంగా మజెంటా, యెల్లోలతో వస్తుంది. గడ్డం కింద నీడను తెచ్చేది కొద్దిపాటి సయాన్. ఆ కొద్దిలో తేడా వస్తే నీడ ఆకుపచ్చకో ఎరుపుకో తిరుగుతుంది, ముఖం జబ్బుపడినట్టు కనిపిస్తుంది. పత్రిక తర్వాత ఒడియాతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఒకే బొమ్మ పలు భాషల్లో అచ్చయ్యేటప్పుడు నల్లప్లేటు మీది అక్షరాలు మారితే చాలు, రంగుల ప్లేట్లు అవే ఉండొచ్చు. కానీ ప్రతి దఫా అచ్చులో మూడు ఇంకుల తూకం మళ్లీ కుదరాలి. లేకపోతే విజయనగరం పిల్లవాడి రాకుమారి, కొరాపుట్ పిల్లవాడి రాకుమారి వేరువేరు మనుషులవుతారు.

బూడిద రంగంతా నల్ల ఇంకుతోనే వేసేస్తే పోదా అని అడగవచ్చు. కొంతవరకు అదే చేస్తారు, ఖరీదైన రంగు ఇంకులూ ఆదా అవుతాయి. కానీ నల్లచుక్కలతో మాత్రమే వేసిన లేత ఛాయలు గరుకుగా కనిపిస్తాయి, నిండు నీడలకు లోతు రాదు. పైగా ఆకులో, చర్మంలో, మట్టిలో దాగిన బూడిద రంగు మూడు ఇంకుల నుంచే వస్తుంది. జనానికి కావలసింది మిరుమిట్లు గొలిపే రంగులే, ఈ చాదస్తం దేనికన్నది మరో అభ్యంతరం. శివకాశి క్యాలెండర్ల మెరుపులో నిజం ఉంది, నేనూ కాదనను. అయితే ఆ మెరుపు కూడా పక్కనున్న తెలుపు, బూడిద రంగులు కుదురుగా ఉన్నప్పుడే మెరుపుగా కనిపిస్తుంది. అంతటా ఎర్రజీర కమ్మితే ఎరుపే వెలిసిపోతుంది. న్యూస్‌ప్రింట్ సంగతి కాస్త గట్టి ప్రశ్న. ఆ కాగితమే పసుపు తిరిగి ఉంటుంది, ఇంకును పీల్చి చుక్కను ఉబ్బిస్తుంది. అక్కడ 50, 40, 40 అంకెలు పనిచేయవు. దాన్నిబట్టి తేలేదేమిటంటే తూకం కాగితాన్నిబట్టి మారుతుందని, తూకమే అక్కర్లేదని కాదు.

ఈ తూకం చాలాకాలం ముద్రాపకుడి కంట్లోనే ఉండేది. ఇంకు చిక్కదనాన్ని కొలిచే డెన్సిటోమీటర్ వచ్చాక సగం భారం తగ్గింది. సగమే ఎందుకంటే, నాలుగు ఇంకుల చిక్కదనమూ సరిగ్గా ఉండి ఒక్క మజెంటా చుక్క ఉబ్బినా బూడిద రంగు పాడవుతుంది. 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే అంతర్జాతీయ రంగుల కూటమిని ఏర్పరచి, ప్రతి యంత్రమూ రంగును ఎలా చూపుతుందో చెప్పే ప్రొఫైల్‌ను ఉమ్మడి పద్ధతిగా చేశాయి. 1996లో ఆఫ్‌సెట్ అచ్చుకు ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది. ఇక అంతా కంప్యూటరే చూసుకుంటుందని చాలామంది అనుకున్నారు. కానీ ప్రొఫైల్ అంటే యంత్రం ఒక రోజున ఎలా ఉందో చెప్పే లెక్క. మర్నాడు నీరు, ఇంకు, రబ్బరు బ్లాంకెట్ ఒత్తిడి మారితే ఆ లెక్క పాతబడుతుంది. అందుకే 2006 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన జీ7 పద్ధతి మళ్లీ బూడిద రంగు దగ్గరికే వచ్చి, యంత్రాన్ని మొదట మూడు రంగుల బూడిద ఛాయల మీద సరిచేయమంది. చిన్న ఊళ్ల ప్రెస్సులకు ఇది అందని విద్యేమీ కాదు. షీటు అంచున మూడు రంగుల బూడిద పట్టీ, దాని పక్కనే నల్ల ఇంకుతో అదే ఛాయ పట్టీ వేసి, రెండింటినీ 5,000 కెల్విన్ దీపం కింద పక్కపక్కన చూడాలి. రెండూ ఒక్కటిగా కనిపించేదాకా ఇంకు మీటలు సరిచేసుకుంటే, దేవమాలి మంచుకు గులాబీ అంటదు.