అరికాళ్ళ మంటలు: కంచంలో దాగిన కారణం

అరికాళ్ళు మండితే మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: వేడి చేసింది. బందరు దగ్గర పల్లెలో మా నాయనమ్మా అలాగే అనేది. ఆముదం రాయించుకునేది, గోరింటాకు ముద్ద పట్టించుకునేది. రాత్రిపూట దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేది. ఆమె తినేది మాత్రం తెల్లటి మరబియ్యం అన్నం, మజ్జిగ, చింతకాయ పచ్చడి. ఆ కంచం వైపు ఎవరూ చూడలేదు.

ఈ బాధ పాతదే. బర్మాతో తొలి యుద్ధం నాటి సిపాయిల పాదాల మంటల గురించి 1826లోనే గ్రియర్సన్ అనే వైద్యుడు రాశాడు. మన కోస్తాది మరో కథ. ఉత్తర సర్కారు జిల్లాలు బి విటమిన్ లోపంతో నరాలను దెబ్బతీసే బెరిబెరి జబ్బుకు పేరుపడ్డాయి. ఇక్కడివాళ్ళు తినేది పచ్చిబియ్యం. ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబెట్టి దంచే ఉప్పుడు బియ్యంలో పైపొర విటమిన్లు కొంత లోపలి గింజకు చేరి నిలుస్తాయి. పచ్చి ధాన్యాన్ని మరలో తెల్లగా పాలిష్ పట్టిస్తే అవి తవుడుతో పాటు గొడ్ల తొట్టిలోకి పోతాయి. దంపుడు బియ్యం తిన్నంతకాలం ఆ నష్టం ఇంత ఉండేది కాదు. బియ్యం ఎంత తెల్లగా ఉంటే ఇంటికి అంత గొప్ప అనుకోవడమే మనకు చేటు చేసిందని నా నమ్మకం.

రెండో ప్రపంచయుద్ధంలో జపాను చెరలో పాలిష్ బియ్యం మీదే బతికిన ఖైదీలకూ ఇదే మంట పట్టుకుంది. నిద్రపట్టక చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాత్రులు గడిపారు.

1946లో పోషకాహార పరిశోధకుడు సి. గోపాలన్ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఈ జబ్బుపై వ్యాసం రాశారు. ఆయన చూసిన రోగులు అన్నం తప్ప మరేదీ సరిగా దొరకని దక్షిణాది పేదలు. బి విటమిన్లలో ఒకటైన పాంటోథెనిక్ ఆమ్లాన్ని సూదిమందుగా ఇస్తే వాళ్ళకు మంట తగ్గింది. అందుకే వైద్యగ్రంథాల్లో ఈ జబ్బుకు గ్రియర్సన్-గోపాలన్ సిండ్రోమ్ అనే పేరుంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న పరిశోధనాలయాన్ని తర్వాత నడిపిందీ ఆయనే. నూరేళ్ళు బతికి 2019లో కన్నుమూశారు. ఆ పేరు మన బడిపిల్లలకు తెలియాలి.

ఇప్పుడు ఈ మంటకు తరచుగా కనిపించే కారణం షుగరు. బి12 లోపం, తాగుడు కూడా తోడవుతాయి. గోరింటాకు హాయినిస్తుంది, పెట్టుకోండి. కానీ మంట వారం దాటినా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళకూ చేయించండి.