నెత్తి మీది థర్మోకోల్ కథ

మొన్నామధ్య ఒక శనివారం తెల్లవారుజామున మూడున్నరకి లేచి, మా ఆవిడ నిద్ర చెడకుండా పిల్లిలా అడుగులేసుకుంటూ గరాజ్ లోకి వెళ్ళి, పాత మియాటా కారు స్టార్ట్ చేశాను. ఆఫీసులో నా పక్క సీటు అమెరికన్ ఏడాదిగా ఊదరగొడుతున్నాడు, ఒక్కసారి ట్రాక్ డేకి రా, తర్వాత నువ్వే మానవు అని. ఉత్తర కాలిఫోర్నియాలో విల్లోస్ అనే ఊరి దగ్గర థండర్‌హిల్ అనే ట్రాక్ ఉంది. మా ఇంటినుంచి రెండున్నర, మూడు గంటల దారి.

ట్రాక్ డే అంటే రేసు కాదు. ఇది ముందే చెప్పకపోతే గుంటూరులో మా అమ్మ నేను ఉద్యోగం మానేసి రేసుల్లో తిరుగుతున్నాననుకుంటుంది. మన కారే మనం తీసుకెళ్తాం. రుసుము కడితే, అనుభవాన్ని బట్టి గుంపులుగా విడదీసి, ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. నాబోటి కొత్తవాళ్ళ పక్కన ఒక గురువుగారు కూర్చుంటారు. ముందున్నవాడు చెయ్యి బయటపెట్టి ఇటువైపు వెళ్ళమని చూపిస్తేనే దాటాలి. కప్పులూ లేవు, చప్పట్లూ లేవు. పోలీసు లేని చోట తన కారు ఏమాత్రం వెళ్తుందో తెలుసుకోవాలనే సరదా, అంతే.

పొద్దున్నే కార్ల తనిఖీ. చక్రాల నట్లు, బ్రేకులు, బాటరీ బిగింపు అన్నీ చూశాడు పెద్దాయన. మియాటా పైకప్పు లేని కారు కాబట్టి వెనకాల ఇనప రోల్ బార్ ఉందో లేదో తట్టి చూశాడు. అన్నీ పాసయ్యాను. అప్పుడు హెల్మెట్ చేతిలోకి తీసుకుని, లోపలి గుడ్డ ఎత్తి, అడుగునున్న స్టిక్కర్ చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఇది ఎం. మాకు ఎస్.ఎ. కావాలి."

నేను బైకు హెల్మెట్ కొన్నానన్నమాట. సేల్లో పెడితే కొన్నాను. హెల్మెట్ అంటే హెల్మెటే కదా, తలేమన్నా మారుతుందా అనుకున్నాను. చివరికి క్లబ్బువాళ్ళు అద్దెకిచ్చినదాంట్లో, అంతకుముందు దాన్ని పెట్టుకున్న పుణ్యాత్ముల చెమట వాసన పీల్చుకుంటూ ఆ రోజు గడిపాను.

ఇంటికొచ్చాక, కొనేముందు ఈసారన్నా చదివి కొందామని మొదలుపెట్టాను. ఏది కొనాలో తెలుసుకుందామని కూర్చున్నవాణ్ణి, నూరేళ్ళు వెనక్కి పోయాను. రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే ఆ సంగతులే చెప్తాను.

1914లో, ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే రేసు ట్రాక్ దగ్గర ఎరిక్ గార్డ్‌నర్ అని ఒక డాక్టరుండేవాడు. తలలు పగిలిన మోటారు సైకిలు రేసర్లకి కట్లు కట్టీ కట్టీ విసుగొచ్చి, కాన్వాసు గుడ్డకి లక్క పట్టించి గట్టి టోపీ ఒకటి చేయించాడు. దెబ్బ తగిలితే జారిపోయేలా పైన నునుపు. ఆ ఏడే ఐల్ ఆఫ్ మాన్ పోటీల్లో అది పెట్టుకోవడం తప్పనిసరి చేశారు. అయితే అదంతా రేసువాళ్ళ గొడవ. రోడ్డు మీద తిరిగే జనం పట్టించుకోలేదు.

జనం సంగతికొస్తే, 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో ఒకాయన తన బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు మీద ఇంటికి తిరిగొస్తున్నాడు. ఎదురుగా సైకిళ్ళ మీద ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళని తప్పించబోయి ఎగిరి పడ్డాడు. తల మీద ఏమీ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, మే 19న పోయాడు. ఆయన పేరు టి. ఇ. లారెన్స్. మనవాళ్ళకి 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమాగా తెలుసు. ఆ సినిమా మొదలయ్యేదే ఈ ప్రమాదంతో. నేను కాలేజీలో ఉండగా చూశాను. ఒంటెలూ ఎడారీ గుర్తున్నాయి గానీ, మొదటి సీను గుర్తులేదు. ఈమధ్యే మళ్ళీ పెట్టుకుని చూశాను.

ఆ ఆరు రోజుల్లో లారెన్స్‌ని చూడ్డానికి పిలిపించిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆస్ట్రేలియాలో పుట్టి ఆక్స్‌ఫర్డులో స్థిరపడ్డ మెదడు శస్త్రవైద్యుడు. నాకు ఈ కథంతట్లోనూ బాగా నచ్చిన మనిషి ఈయనే. పేషెంటు పోయాక చేతులు కడుక్కుని వెళ్ళిపోలేదు. అసలు ఈ మరణం అవసరమా అన్న ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. యుద్ధం వచ్చింది. వార్తలు మోసే సైనికులు రాత్రిళ్ళు దీపాల్లేని రోడ్ల మీద మోటారు సైకిళ్ళు నడుపుతూ, శత్రువు తుపాకీతో పని లేకుండానే చచ్చిపోతున్నారు. కెయిర్న్స్ లెక్కలు తీశాడు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేయించాడు. చనిపోయినవాళ్ళలో ఎక్కువ మందికి తలకి తగిలిన దెబ్బే కారణం. హెల్మెట్ పెట్టుకుని పడ్డవాళ్ళు ఆయనకి దొరికింది ఏడుగురంటే ఏడుగురు. ఆ ఏడుగురూ బతికారు.

ఏడుగురితో ఏం రుజువవుతుంది, శాంపిల్ సైజు చాలదే అని నాలోని కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ వాడు గొణిగాడు. సైన్యం మాత్రం గొణగలేదు. ఆ సంవత్సరం నవంబరులోనే డ్యూటీలో ఉన్న మోటారు సైకిలు సైనికులందరూ హెల్మెట్ పెట్టుకోవాలని ఉత్తర్వులిచ్చింది. 1946లో కెయిర్న్స్ ఇంకో వ్యాసం రాశాడు. చావులు తగ్గాయి. మామూలు జనానికి బ్రిటన్‌లో అది చట్టం కావడానికి మాత్రం 1973 దాకా పట్టింది. కెయిర్న్స్ 1952లోనే పోయాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి.

2007లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా పెద్దమ్మ కొడుకు విజయవాడలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అన్నయ్యకి బైకంటే ప్రాణం, నాకు అన్నయ్య బైకు వెనక సీటంటే ప్రాణం. హెల్మెట్ లేదా అంటే ఉంది. పోలీసుల డ్రైవ్ పెట్టినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద గుట్టలు పోసి అమ్మేవి, సగం గుమ్మడికాయ డిప్పలాంటివి, ఆ రకం. తలకి కాదు, చలానాకి హెల్మెట్. చౌరస్తా దగ్గర పోలీసు కనిపిస్తే నెత్తికెక్కేది, దాటగానే పెట్రోలు ట్యాంకు మీదకొచ్చేది. గుంటూరు వచ్చే దారిలో మంగళగిరి దాటాక, ఆగి ఉన్న లారీని చీకట్లో చూసుకోలేదు. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

బైకు తాలూకు సామాను స్టేషన్లోంచి తెచ్చుకోవడానికి మా నాన్నతో నేనూ వెళ్ళాను. హెల్మెట్ ఇచ్చారు. దాని మీద ఒక్క గీత కూడా లేదు. ఆ హెల్మెట్ పెట్టుకుని ఉన్నా ప్రయోజనం ఉండేది కాదని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఇప్పుడు చదివాక, నిజంగానే అది పెద్దగా ఆపేది కాదేమో అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

హెల్మెట్‌లో పని చేసేది పైనున్న గట్టి డిప్ప కాదు. లోపలుండే నురగ. అదే, టీవీ కొంటే డబ్బాలో వచ్చే థర్మోకోల్ లాంటిది. లెక్క చాలా చిన్నది. మూడు మీటర్ల ఎత్తు నుంచి కొబ్బరికాయ పడిందనుకోండి. రాతి మీద పడి మూడు మిల్లీమీటర్లలో ఆగితే, దాని మీద పడే తాకిడి సగటున భూమ్యాకర్షణకి వెయ్యి రెట్లు. అదే థర్మోకోల్ నలిగి మూడు సెంటీమీటర్లలో ఆగితే వంద రెట్లు. పుర్రెకీ మెదడుకీ మధ్య చావుబతుకుల తేడా అంతా ఆ మూడు సెంటీమీటర్లలో ఉందన్నమాట. ఫుట్‌పాత్ డిప్పలో ఉన్నది నాలుగు స్పాంజి ముక్కలు. స్పాంజి మెత్తగా ఉంటుంది గానీ, వేలితో నొక్కితేనే అడుగంటుతుంది. నలిగే నురగని హెల్మెట్‌లో పెట్టాలన్న ఆలోచనకి సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన లంబార్డ్ అనే ఆయనకి 1953లో పేటెంటు వచ్చింది.

ఇహ కార్ల దగ్గరకి వద్దాం. 1956లో కాలిఫోర్నియాలోనే ఒక స్పోర్ట్స్ కార్ రేసులో విలియం స్నెల్, అందరూ పీట్ అని పిలిచే మనిషి, తలకి దెబ్బ తగిలి పోయాడు. హెల్మెట్ లేక కాదు. ఆ రోజుల్లో మంచిదని పేరున్న హెల్మెటే పెట్టుకున్నాడు. అది కాపాడలేదు. స్నేహితులూ తోటి డ్రైవర్లూ జార్జ్ స్నైవ్లీ అనే డాక్టరుతో కలిసి, మరుసటి ఏడు ఆయన పేరు మీద ఒక సంస్థ పెట్టారు. బజార్లో దొరికే హెల్మెట్లని తెచ్చి దెబ్బలు కొట్టి చూడటమే దాని పని. 1959లో మొదటి ప్రమాణం ప్రకటించారు. నా హెల్మెట్ లోపల పెద్దాయన వెతికిన స్టిక్కరు ఆ సంస్థదే. నేనిన్నాళ్ళూ స్నెల్ అంటే ఏదో కంపెనీ అనుకున్నాను. పోయినవాడి పేరని తెలియదు.

అదే 1957లో బెల్ వాళ్ళు నురగ పొర ఉన్న 500-టీఎక్స్ హెల్మెట్ తెచ్చారు. బెల్ అంటే గంట అనుకునేరు, నేనూ అలాగే అనుకున్నాను. లాస్ ఏంజెలెస్ పక్కన బెల్ అనే చిన్న ఊళ్ళో రాయ్ రిక్టర్ నడిపిన కారు విడిభాగాల కొట్టు అది. మూతిని కూడా కప్పే హెల్మెట్ 1968లో డాన్ గర్నీ ఇండియానాపొలిస్‌లో, ఆ తర్వాత ఫార్ములా వన్‌లో పెట్టుకున్నాడు. ఆరడుగులు దాటిన మనిషి కాబట్టి అద్దం పైనుంచి వచ్చే రాళ్ళన్నీ ఆయన మొహానికే తగిలేవి.

సరే, ఎం అంటే ఏమిటి, ఎస్.ఎ. అంటే ఏమిటి? తేడాలు మూడు. బైకు మీదనుంచి పడ్డవాడు రోడ్డుకి కొట్టుకుని జారిపోతాడు. కారులో ఉన్నవాడు ఎక్కడికీ పోడు, పక్కనున్న ఇనప రోల్ బార్‌కే తల మళ్ళీ మళ్ళీ కొట్టుకుంటుంది. అందుకని ఎస్.ఎ.కి రోల్ బార్ పరీక్ష ఉంది, ఎం.కి లేదు. రెండోది మంట. కారు తగలబడితే బెల్టు విప్పుకుని బయటపడేదాకా లోపలి గుడ్డ అంటుకోకూడదు. ఎం.కి ఆ పరీక్షా లేదు. మూడోది చూపు. రోడ్డు మీద బైకువాడికి పక్కలన్నీ కనబడాలి కాబట్టి ఎం. కిటికీ వెడల్పు, ఎస్.ఎ.కి ఇరుకు ఉన్నా ఒప్పుకుంటారు. తనిఖీలో నా రోల్ బార్‌ని తట్టిన చెయ్యే నా హెల్మెట్‌ని ఎందుకు వద్దందో అప్పుడర్థమైంది.

హెల్మెట్ ఎంత మంచిదైనా మెడని కాపాడలేదన్నది ఇంకో సంగతి. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 రేసు ఆఖరి లాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ కారు గోడకి కొట్టుకుంది. ఒంటిని బెల్టులు పట్టుకున్నాయి, తల ముందుకి విసురుగా పోయింది, పుర్రె అడుగుభాగం చిట్లింది. తల అలా పోకుండా పట్టి ఉంచే హాన్స్ అనే భుజాల పట్టీని మిషిగన్ స్టేట్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది జిమ్ డౌనింగ్ 1980లలోనే తయారుచేశారు. 1981లో ఒక స్నేహితుడు అలాగే పోవడం చూసి మొదలుపెట్టారు. కొనేవాళ్ళు లేరు, ఎర్న్‌హార్ట్‌కీ అది నచ్చేది కాదు. ఆయన పోయిన ఎనిమిది నెలలకి ఇలాంటి పట్టీని నాస్కార్ తప్పనిసరి చేసింది, 2003లో ఫార్ములా వన్ చేసింది. ఒకరు పోతేగానీ ఒక స్క్రూ బిగించరు కాబోలు.

నేను హాన్స్ కొనలేదు. అది రెండు భుజాల మీదుగా వచ్చే రేసు బెల్టులుంటేనే పని చేస్తుంది. నా కారులో ఉన్నది కంపెనీ ఇచ్చిన మామూలు బెల్టు. ముందు ముందు అవసరమైతే తగిలించుకోవడానికి మరలు బిగించే చోటు మాత్రం చూసుకున్నాను. 2015 నుంచీ ఎస్.ఎ. హెల్మెట్లలో అది తప్పకుండా ఉంటుంది.

కొట్టుకి వెళ్ళి కొనమన్నది మా ఆవిడే. "నువ్వెలాగూ మానవు. ఆన్‌లైన్లో వద్దు, పెట్టుకుని చూసి కొనుక్కో" అంది. మంచి మాట. అక్కడి కుర్రాడు టేపుతో కనుబొమ్మల పైనుంచి చుట్టు కొలిచి నాలుగు రకాలు తెచ్చాడు. బుగ్గలు పుల్కాల్లా నొక్కుకుపోవాలి, హెల్మెట్ పట్టుకుని ఊపితే మొహం తోలు కూడా దాంతో కదలాలి, కానీ నుదుటి మీద ఒక్క చోటే నొప్పి పుట్టకూడదు. అది తెలియాలంటే అరగంట పెట్టుకుని ఉండాలి. కొట్టులో కుర్చీలో కళ్ళజోడుతో సహా హెల్మెట్ పెట్టుకుని అరగంట కూర్చున్నాను. రెండోదానికి పదిహేనో నిమిషంలో నుదురు మండింది. అది ఖరీదైన కార్బన్ ఫైబర్ రకం, చూడ్డానికి ఎంత బాగుందో! వదిలేశాను. మూడోది చవక, ఫైబర్ గ్లాసు, తెల్లరంగు. అది కుదిరింది. ఎస్.ఎ. 2020. సగం ధరకి వాడినవి దొరుకుతాయి గానీ, లోపలి నురగ ఒకసారి నలిగితే తిరిగి లేవదు, నలిగిందో లేదో బయటికి కనబడదు. ఐదేళ్ళకోసారి మార్చమని స్నెల్ వాళ్ళే అంటారు.

ఆ రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున, గుంటూరుకి వీడియో కాల్ చేశాను. పెద్దమ్మ వచ్చి ఉంది. నా వెనక బల్ల మీద తెల్లగా ఏమిట్రా అది అంది. దాచి ఉండాల్సింది, తోచలేదు. కారు నేర్పించే క్లాసుకి అని ఏదో నసిగాను.

"పెట్టుకో, చూస్తాను" అంది పెద్దమ్మ.

పెట్టుకున్నాను. గడ్డం కింద పట్టీ రెండు రింగుల్లోంచి దూర్చి లాగాలి, ఇంకా అలవాటు కాలేదు, రెండుసార్లు తప్పాను. ఫోను దగ్గరికి తెచ్చుకుని చూస్తూ పెద్దమ్మ ఏదో అంది. చెవులు మూసుకుపోయి ఉన్నాయి, పెదాలు కదలడమే కనిపించింది. నేను పట్టీ విప్పి, అది తీసి పక్కన పెట్టేసరికి ఫోను అమ్మ చేతిలో ఉంది.